బరువు చికిత్సలో నా పదకొండు నెలలు

2025 మే నెలలో ఒక రాత్రి మావారు నా గురకను ఫోనులో రికార్డు చేసి, పొద్దున్న కాఫీ తాగేటప్పుడు నాకు వినిపించారు. గురక సంగతి నాకు కొత్త కాదు, పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో అది మా ఇంట్లో అందరికీ వేళాకోళంగా మారిపోయింది. కానీ ఆ రికార్డులో గురక ఉన్నట్టుండి ఆగిపోయి, పది పన్నెండు సెకన్ల పాటు ఏ చప్పుడూ లేకుండా పోయి, ఆ తరువాత నీళ్ళలో మునిగి తేలిన మనిషి గాలి పీల్చుకున్నట్టు ఒక్కసారిగా పెద్ద శబ్దం వచ్చింది. "ఊపిరి ఆగిపోతోంది నీకు. ఎన్నిసార్లో లెక్కపెడుతూ రాత్రి రెండింటి దాకా కూర్చున్నాను" అన్నారాయన. ఆ మాటలో వేళాకోళం లేదు.

అప్పటికి నా వయసు 44, ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 92 కిలోలు. విజయవాడలో ఒక బ్యాంకు బ్రాంచిలో ఉద్యోగం. ఉదయం పది నుంచి సాయంత్రం ఏడు దాకా కుర్చీలోనే ఉంటాను. మూడేళ్ళుగా బీపీ మాత్ర వేసుకుంటున్నాను. బరువు తగ్గడానికి అంతకు ముందు నేను చేయని ప్రయత్నం లేదనే చెప్పాలి. పరగడుపున తేనె నిమ్మరసం తాగాను, రాత్రి అన్నం మానేశాను, తెలిసినావిడ అమ్మిన పొడిని ఆరు నెలలు పాలలో కలుపుకున్నాను. నడుముకు బెల్టు కట్టి వణికించే ఒక సెంటరుకు 38,000 రూపాయలు కట్టి, నాలుగు కిలోలు తగ్గి, ఏడాది తిరగకుండానే ఆరు కిలోలు పెరిగాను. ప్రతిసారీ మొదటి రెండు నెలలు బాగానే ఉండేది. ఆ తరువాత పట్టుదల సడలేది, దానితో పాటు నా మీద నాకున్న గౌరవమూ కొంత తగ్గేది.

నిద్ర పరీక్షకు ఆసుపత్రిలో పడుకోవలసి వస్తుందేమోనని భయపడ్డాను కానీ, ఒక చిన్న పరికరాన్ని ఇంటికే ఇచ్చి పంపారు. ముక్కు దగ్గర సన్నని గొట్టం, ఛాతీకి పట్టీ, వేలికి క్లిప్పు పెట్టుకొని మామూలుగా పడుకుంటే చాలు. గంటకు సగటున 22 సార్లు ఊపిరి ఆగడమో, బాగా తగ్గడమో జరుగుతోందని రిపోర్టులో వచ్చింది. ఈ జబ్బునే స్లీప్ ఆప్నియా అంటారు. ఆ లెక్క 15 నుంచి 30 మధ్య ఉంటే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం అంటారు. రాత్రిపూట మాస్కుతో గాలి పంపే సీపాప్ యంత్రం రాసిచ్చి, బరువు సంగతి చూడమని ఆ పరీక్ష చేయించిన డాక్టరుగారు నన్ను ఎండోక్రినాలజిస్టు, అంటే హార్మోన్ల డాక్టరు దగ్గరికి పంపారు.

బరువు గురించి వెళ్ళిన చోటల్లా నాకు దొరికింది రెండు నిమిషాల సలహాయే: "తక్కువ తినండి, నడవండి." ఈ డాక్టరమ్మగారు దాదాపు ముప్పావు గంట కూర్చోబెట్టారు. పెళ్ళినాటికి నా బరువెంత, ఒక్కొక్క కాన్పు తరువాత ఎంత పెరిగింది, మా అమ్మానాన్నల ఒళ్ళు ఎలాంటిది, వాడిన మాత్రల్లో బరువు పెంచేవి ఏమైనా ఉన్నాయా, రాత్రి లేచి తింటానా, తిన్నాక అపరాధ భావం కలుగుతుందా అని ఒక్కొక్కటీ అడిగి రాసుకున్నారు. టేపుతో నడుము కొలిస్తే 104 సెంటీమీటర్లు వచ్చింది. మన దేశపు ఆడవాళ్ళకు 80 దాటితేనే హెచ్చరికగా తీసుకోవాలట. ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క, బీఎంఐ, దాదాపు 37. పాశ్చాత్య దేశాల్లో 30 దగ్గర స్థూలకాయం అంటారు కానీ, మనవాళ్ళకు పొట్ట చుట్టూ కొవ్వు త్వరగా చేరి, తక్కువ బరువులోనే షుగరు, గుండె జబ్బులు వస్తాయి కనుక ఇక్కడ 25 నుంచే లెక్క మొదలవుతుందని వివరించారు. రక్త పరీక్షల్లో మూడు నెలల సగటు షుగరు 6.2 శాతం వచ్చింది. అంటే మధుమేహం గడప దగ్గర నిలబడి ఉన్నానన్నమాట. కడుపు స్కానింగులో ఫ్యాటీ లివర్ కనిపించింది, పిత్తాశయంలో రాళ్ళు లేవు. థైరాయిడ్ మామూలుగానే ఉంది. నిజం చెప్పాలంటే ఆ ఫలితం చూసి కొంచెం నిరాశ పడ్డాను, ఎందుకంటే లోపల ఎక్కడో నా బరువుకంతటికీ అదే కారణమై ఉండాలని కోరుకుంటున్నాను.

చికిత్సలో ఉన్న దారులన్నిటినీ ఆవిడ ఒక కాగితం మీద రాసి చూపించారు. ఆహారం, వ్యాయామం, నిద్ర, కౌన్సిలింగ్ అన్నవి ఏ దారిలోనైనా తప్పవు. మందుల్లో ఓర్లిస్టాట్ పాతది. తిన్న కొవ్వులో సుమారు మూడో వంతును ఒంటికి పట్టనివ్వకుండా బయటికి పంపేస్తుంది, నూనె ఎక్కువ తిన్న రోజున ఆ సంగతి బాత్‌రూములో తెలిసివస్తుంది. సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ అనేవి వారానికోసారి ఇంజెక్షనుగా తీసుకునే కొత్త తరం మందులు. భోజనం చేశాక మన పేగుల్లో తయారై, కడుపు నిండిందని మెదడుకు చెప్పే హార్మోన్లను ఇవి అనుకరిస్తాయి, కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయి. 2022లో వెలువడిన పెద్ద పరీక్షలో టిర్జెపటైడ్ వాడినవాళ్ళు 72 వారాల్లో మోతాదును బట్టి సగటున 15 నుంచి 21 శాతం బరువు తగ్గారు. చివరగా శస్త్రచికిత్స. స్లీవ్ అనే పద్ధతిలో జీర్ణాశయంలో నాలుగింట మూడు వంతులకు పైగా తీసేస్తారు. శరీర బరువులో పావు వంతు దాకా, కొందరిలో అంతకు మించి తగ్గుతుంది. ఎక్కువ కాలం నిలిచే ఫలితం దానిదేనని, దాన్ని ఆఖరి గత్యంతరంగా చూడనక్కరలేదని, అయితే ఆ తరువాత జీవితాంతం విటమిన్లు, పరీక్షలు తప్పవని ఆవిడ దాపరికం లేకుండా చెప్పారు.

నేను మొదట శస్త్రచికిత్స వైపే మొగ్గాను, ఒక్కసారితో అయిపోతుందన్న ఆశతో. మా బీమా సంస్థకు రాస్తే ఒప్పుకోలేదు. పాలసీల్లో ఉండే ప్రామాణిక నిబంధన ప్రకారం బీఎంఐ 40 ఉండాలి, లేదా 35 ఉండి దానితో పాటు గుండె జబ్బో, అదుపులో లేని టైప్-2 మధుమేహమో, తీవ్రమైన స్లీప్ ఆప్నియానో ఉండాలి. నాది మధ్యస్థం. ఊపిరి గంటకు మరో తొమ్మిది సార్లు ఆగి ఉంటే అర్హత వచ్చేదని మావారు అంటే, నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంటి దగ్గర వాడుకునే ఇంజెక్షన్ల ఖర్చును మా పాలసీ అసలే ఇవ్వదు. కనుక ఏ దారైనా సొంత డబ్బే. నెలనెలా కొంచెం కొంచెం పెట్టగలిగిన దారిని ఎంచుకున్నాను.

టిర్జెపటైడ్ ఆ ఏడాది మార్చిలోనే మౌంజారో పేరుతో మన దేశానికి వచ్చింది. అప్పట్లో చిన్న గాజు సీసాల్లో దొరికేది. 2.5 మిల్లీగ్రాముల సీసా 3,500 రూపాయలు, 5 మిల్లీగ్రాములది 4,375. వారానికి ఒకటి చొప్పున నెలకు నాలుగు. మొదటి నెల పద్నాలుగు వేలు, రెండో నెల నుంచి పదిహేడున్నర వేలు. రాసిచ్చే ముందు మా కుటుంబంలో ఎవరికైనా మెడ్యులరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉందా, నాకు ఎప్పుడైనా క్లోమం వాచిందా, గర్భం వచ్చే అవకాశం ఉందా అని అడిగారు. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్ళకు ఈ మందు మొదలుపెట్టినప్పుడూ, మోతాదు పెంచిన ప్రతిసారీ నాలుగు వారాల పాటు ఆ మాత్రలు సరిగా పనిచేయకపోవచ్చని కూడా చెప్పారు. ఈ ముక్క నాకు అవసరం లేకపోయినా ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే మా బ్రాంచిలో "పేరు చెప్పండి మేడమ్, మా చెల్లికి కొనిస్తాను" అని అడిగినవాళ్ళలో ఒక్కరు కూడా ఇలాంటి విషయం ఉంటుందని అనుకోలేదు.

జూన్ 15, ఆదివారం. ఫ్రిజ్‌లోంచి సీసా తీసి అరగంట బయట పెట్టాను. సిరంజిలోకి అర మిల్లీలీటరు ఎక్కించి, గాలి బుడగ పోయేదాకా వేలితో తట్టి, బొడ్డుకు నాలుగు వేళ్ళ దూరంలో పొట్ట మీద చర్మాన్ని మడిచి పట్టుకున్నాను. చేతులు వణికాయి. సూది దిగాక చూస్తే చీమ కుట్టినంత కూడా లేదు. మా అత్తయ్యగారు గుమ్మంలో నిలబడి, "షుగరు వచ్చిందా అమ్మా?" అని అడిగారు. రాకుండా ఉండటానికే అని చెప్పాను. ఆవిడకు అర్థమయ్యేలా చెప్పే మాట అంతకంటే దొరకలేదు.

మూడో రోజు బుధవారం. మా బ్రాంచిలో సాయంత్రం నాలుగున్నరకు టీతో పాటు పక్కవీధి బండి నుంచి మిరపకాయ బజ్జీలు తెప్పించుకోవడం అలవాటు. పొట్లం నా బల్ల మీదే పెట్టి వెళ్తారు. ఉల్లిపాయ ముక్కలు వేరే కాగితంలో. ఆరింటికి క్యాష్ సరిచూసుకొని లేవబోతూ చూస్తే ఆ పొట్లం అలాగే ఉంది, కాగితమంతా నూనె పీల్చుకొని పారదర్శకంగా మారి ఉంది. నేను వద్దనుకోలేదు, నిగ్రహించుకోలేదు, అసలు గుర్తే రాలేదు. కుర్చీలో మళ్ళీ కూర్చుండిపోయాను. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఏదో ఒక తిండి ధ్యాస తలలో తిరుగుతూనే ఉండేది. ఒక భోజనం చేస్తూనే తరువాతి పూట ఏమిటని, డబ్బాలో ఇంకా ఎన్ని జంతికలు ఉన్నాయని, అందరూ పడుకున్నాక మిగిలిన పెరుగన్నం సంగతేమిటని. అందరికీ అలాగే ఉంటుందనీ, వాళ్ళు నాకంటే గట్టివాళ్ళు కనుక ఓర్చుకుంటున్నారనీ నలభై ఏళ్ళు అనుకున్నాను. ఆ సాయంత్రం మావారిని అడిగాను: "మీకు రోజంతా తిండి గుర్తొస్తూ ఉండదా?" "ఆకలేస్తే గుర్తొస్తుంది" అన్నారు. ఇంత చిన్న జవాబు కోసం ఇన్నేళ్ళు పట్టింది.

ఇక ఇబ్బందుల మాట. వికారం మొదటి రెండు వారాలు సన్నగా ఉండేది. కుళ్ళిన గుడ్డు వాసన వేసే తేన్పులు వచ్చినప్పుడు కౌంటరు దగ్గర మనుషులతో మాట్లాడటానికే సిగ్గనిపించేది. మలబద్ధకానికి రాత్రిపూట ఇసబ్‌గోల్, రోజుకు రెండున్నర లీటర్ల నీళ్ళు తప్పలేదు. నాలుగో నెలలో దువ్వెనకు జుట్టు కుచ్చులుగా వచ్చింది. బరువు వేగంగా తగ్గినప్పుడు ఇలా జరుగుతుందని, కొన్ని నెలల్లో సర్దుకుంటుందని చెప్పి ఐరన్ నిల్వలు పరీక్షించారు. అన్నిటికంటే పెద్ద తప్పు నేనే చేశాను. మోతాదు 5 మిల్లీగ్రాములకు పెంచిన నెలలోనే శ్రావణ మాసపు పెళ్ళికి ఏలూరు వెళ్ళి, "ఒక్క గారె వేసుకో వదినా" అన్న మాటను కాదనలేక గారెలు, పులిహోర, నేతి బొబ్బట్టు అన్నీ పాత లెక్కలోనే తినేశాను. కడుపు ఇప్పుడు నిదానంగా ఖాళీ అవుతుందన్న సంగతి తెలిసి కూడా. తిరుగు ప్రయాణంలో హనుమాన్ జంక్షన్ దగ్గర కారు ఆపించి, పట్టుచీరతో రోడ్డు పక్కన కూలబడి వాంతి చేసుకున్నాను. ఆ రోజు నుంచి పెళ్ళిళ్ళలో విస్తరి ముందు కూర్చోను. బఫేలో చిన్న పళ్ళెం తీసుకొని మనుషులతో మాట్లాడుతూ తిరుగుతాను, ఎవరూ గమనించరు.

ఈ చికిత్సలో మందుకు వచ్చినంత పేరు డైటీషియన్‌కు రాదు. నా విషయంలో మాత్రం ఆమె లేకపోతే సగమే జరిగేది. ఆకలి పోయినప్పుడు మనిషి తేలికైనదే తింటాడు: రెండు బిస్కెట్లు, కొంచెం పెరుగన్నం, ఒక అరటిపండు. మొదటి నెలలో నేను చేసింది అదే. ఫలితంగా తగ్గిన బరువులో కొవ్వుతో పాటు కండ కూడా పోతుందని ఆమె హెచ్చరించారు. ఈ మందుతో తగ్గే బరువులో సుమారు నాలుగో వంతు కొవ్వు కానిదే ఉంటుందట. రోజుకు 75 గ్రాముల ప్రోటీన్ లక్ష్యంగా పెట్టి, "మీ పప్పుగిన్నెలో పప్పెంత, నీళ్ళెన్ని?" అని అడిగారు. నలుగురికి చిన్న గ్లాసు కందిపప్పు అని చెప్పాను. నా వంతుకు 30 గ్రాములు కూడా పడదు, అంటే మహా అయితే ఆరేడు గ్రాముల ప్రోటీన్. పప్పు రోజూ తింటున్నాం కదా అన్న నా ధీమా అక్కడితో పోయింది. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో ధాన్యాల వంతు రోజు శక్తిలో 45 శాతం మించరాదని ఉంది. మా ఇంట్లో అన్నం ఒక్కటే అంతకు ఎంతో మించి ఉండేది. ఇప్పుడు పొద్దున్న రెండు పెసరట్లు, ఒక గుడ్డు. మధ్యాహ్నం ముందు కూర, ముద్దపప్పు, ఆ తరువాతే గరిటెడు అన్నం. రాత్రి చేపో, పనీరో, మీల్‌మేకరో. శనివారం గుడ్డు ముట్టని ఇల్లు కనుక ఆ రోజు ఉలవచారు, వేయించిన శనగలు. వరుస మార్చడమే అన్నిటికంటే కష్టమైంది. మొదటి ముద్ద ఆవకాయ అన్నం కాకుండా కూరతో మొదలుపెట్టడం నా నోటికి ఇప్పటికీ అపరాధంలాగే ఉంటుంది.

కండ నిలబడటానికి వారానికి మూడు రోజులు ఇరవై నిమిషాలు: చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, రబ్బరు బ్యాండు లాగడం, నీళ్ళ సీసాలు ఎత్తడం. మొదటి రోజు ఎనిమిది సార్లకే మోకాళ్ళు మొరాయించాయి. కౌన్సిలింగ్ చేసే ఆవిడను రెండుసార్లే కలిశాను. ఆమె కేలరీలు రాయమనలేదు, తిన్న వేళ, చోటు, అప్పటి మనసు రాయమన్నారు. రెండు వారాల కాగితాలు చూస్తే, నేను నిలబడి తిన్న రాత్రులన్నీ బ్యాంకులో మూడు నెలల లెక్కల ముగింపు పనితో ఆలస్యంగా ఇంటికి వచ్చిన రాత్రులే.

సెప్టెంబరులో ఒక ఉదయం పూజగదిలో లేవబోయి కళ్ళు బైర్లు కమ్మి గోడ పట్టుకున్నాను. బీపీ 98/62 ఉంది. బరువు తగ్గింది కానీ బీపీ మాత్ర మోతాదు పాతదే. మాత్రను సగానికి తగ్గించారు, డిసెంబరులో పూర్తిగా ఆపేశారు. ఈ చికిత్స తీసుకుంటున్నవాళ్ళు ఇంట్లో బీపీ మిషను పెట్టుకోవడం మంచిదని నాకు ఎవరూ ముందు చెప్పలేదు, అందుకే నేను చెబుతున్నాను.

మోతాదు అక్టోబరులో 7.5 అయింది. నెలకు సరిపడే పెన్ను కూడా అప్పటికి వచ్చింది కనుక సిరంజి బాధ తప్పింది. డిసెంబరు చివరికి 79.2 కిలోలకు దిగాను. సరిగ్గా అప్పుడే మా పెద్దమ్మాయి ఇంజనీరింగు ఫీజు కట్టవలసి వచ్చింది. ఇక నేర్చుకోవలసింది నేర్చుకున్నాను కదా, సొంతంగా నెట్టుకురాగలనని డాక్టరమ్మగారితో చెప్పకుండా మందు మానేశాను. రెండు వారాలు ఏమీ తెలియలేదు. మూడో వారం సంక్రాంతి. అరిసెల డబ్బా వంటింట్లో పై అరలో ఉంటే, హాల్లో టీవీ చూస్తున్న నాకు ఆ డబ్బా కనిపిస్తూనే ఉంది. పాత ధ్యాస తిరిగి వచ్చేసింది. ఎక్కడికీ పోలేదు, అంతవరకు నోరు మూసుకొని కూర్చుందంతే. ఆరు వారాల్లో 82.4 అయ్యాను.

తలవంచుకొని మళ్ళీ వెళ్ళాను. ఆవిడ కోప్పడలేదు. "బీపీ మాత్ర ఆపితే బీపీ పెరిగితే మిమ్మల్ని మీరు తిట్టుకుంటారా అమ్మా?" అని మాత్రం అడిగారు. సెమాగ్లూటైడ్ ఆపినవాళ్ళను ఏడాది పాటు గమనించిన అధ్యయనంలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చిందని చెప్పారు. ఇన్ని వారాలు మానేశాక పాత మోతాదుతో మొదలుపెడితే వాంతులు ఖాయం కనుక మళ్ళీ 2.5 నుంచే ఎక్కించారు. డబ్బు విషయం దాచకుండా చెప్పి ఉంటే తక్కువ మోతాదులోనే నిలిపి ఉంచే దారి చూసేదాన్నని కూడా అన్నారు. సెమాగ్లూటైడ్ పేటెంటు 2026 మార్చితో మన దేశంలో ముగిసింది, అంటే వేరే కంపెనీలు కూడా దాన్ని తయారుచేసి అమ్మవచ్చు. ఖర్చు మరీ భారమైతే దానికి మారే ఆలోచన కూడా మా ఇద్దరి మధ్య ఉంది. మారలేదింకా.

చుట్టాల మాటల గురించి ఎక్కువ రాయను. తొంభై రెండున్నప్పుడు "కాస్త తగ్గకూడదూ" అన్నవాళ్ళే ఇప్పుడు "మొహం పీక్కుపోయింది, ఏమైనా జబ్బా?" అంటున్నారు. ఇంజెక్షను అని చెబితే, "ఓహ్, అయితే కష్టపడకుండా తగ్గావన్నమాట" అన్న బంధువు కూడా ఉన్నారు. హనుమాన్ జంక్షన్ సంగతి ఆవిడకు చెప్పలేదు.

ఇది రాస్తున్న మే నెలలో నా బరువు 77.4 కిలోలు, బీఎంఐ 31. పుస్తకం ప్రకారం నేనింకా స్థూలకాయం ఉన్న మనిషినే. షుగరు సగటు 5.5కు దిగింది, నడుము 91 సెంటీమీటర్లు. ఏప్రిల్‌లో నిద్ర పరీక్ష మళ్ళీ చేస్తే గంటకు 9 వచ్చింది. మాస్కు తీసేయవచ్చా అని అడిగితే, ఇంకో మూడు నెలలు ఉంచమన్నారు. కుర్చీలోంచి ఇరవై రెండు సార్లు లేస్తున్నాను. బరువు రాసుకునే పొడుగు నోటు పుస్తకం ఫ్రిజ్ మీదే ఉంటుంది. అందులో జనవరి నుంచి ఫిబ్రవరి దాకా ఆరు ఆదివారాల గళ్ళు ఖాళీగా ఉన్నాయి, వాటిని నింపలేదు. వచ్చే వారం పిత్తాశయం స్కానింగ్ ఉంది, పరగడుపున రమ్మన్నారు.